ఒంటికి పూత, నీటికి చేటు

థాయిలాండ్ సముద్ర జాతీయ పార్కుల్లో ఒంటికి రాసుకునే క్రీము మీద లక్ష బాత్‌ల దాకా జరిమానా పడవచ్చు. మన లెక్కలో అది రెండు లక్షల రూపాయల పైమాటే. ఎండ తగలకుండా రాసుకునే సన్‌స్క్రీన్‌లో ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్, 4-మిథైల్‌బెంజిలిడీన్ క్యాంఫర్, బ్యూటైల్‌పారాబెన్ అనే నాలుగు రసాయనాల్లో ఏది ఉన్నా దాన్ని ఆ పార్కుల్లోకి తేవద్దు, వాడవద్దు అని 2021 ఆగస్టులో ఆ దేశం గెజిట్ వేసింది. సముద్రంలోని పగడపు దిబ్బలు ఈ రసాయనాల వల్ల దెబ్బతింటున్నాయన్నది దానికి కారణం.

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఉండేవాళ్లకు ఈ సంగతి ఎందుకని అనిపించవచ్చు. మనకు సముద్రం దగ్గర లేదు. నంద్యాల పక్కన పారే కుందూ నది కడప జిల్లాలో పెన్నలో కలిసి, ఆ పెన్న నెల్లూరు దాటితే గానీ బంగాళాఖాతం రాదు. అయినా ఈ నిబంధన రెండు రకాలుగా మనదే. మన పిల్లలు పెళ్లయిన నెలకే ఫుకెట్‌కో, మాల్దీవులకో, అండమాన్‌కో విమానం ఎక్కుతున్నారు. 2023 నవంబరులో థాయిలాండ్ భారతీయులను వీసా లేకుండా రానిచ్చాక ఆ రద్దీ ఇంకా పెరిగింది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు హవాయి సెలవుల్లో చూసొచ్చే చోటు. ఇది ఒక సంగతి. మహానంది కోనేరు, అహోబిలం భవనాశి వాగును కళ్లముందు పెట్టుకున్న జిల్లా మనది కావడం రెండోది. ఒంటి మీద ఉన్నదాన్ని నీటిలో కలపకుండా నీటిలో దిగడం ఎలా అన్న ప్రశ్న సముద్రానికెంతో కోనేటికీ అంతే.

రంగు ఎందుకు పోతుంది

పగడం మనకు ఉంగరంలో ఎర్ర రాయిగానే పరిచయం. సముద్రంలో అది ప్రాణి. సూది మొన అంత నుంచి గోరంత దాకా ఉండే జీవులు లక్షల్లో ఒక్కచోట చేరి, సున్నపు గూళ్లు కట్టుకుంటూ పోతే వందల ఏళ్లకు దిబ్బ అవుతుంది. ఆ జీవుల కణజాలంలో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. పొలం ఒకరిది, సేద్యం మరొకరిది అన్నట్టుగా పగడం చోటిస్తుంది, నాచు ఎండను పట్టి ఆహారం వండుతుంది, పంట ఇద్దరూ పంచుకుంటారు. దిబ్బకు రంగు ఇచ్చేదీ ఆ నాచే. నీరు మామూలుకన్నా వేడెక్కి వారాల పాటు అలాగే ఉంటే ఈ పొత్తు తెగిపోతుంది. పగడం నాచును బయటికి నెట్టేస్తుంది. రంగు పోయి తెల్లగా పాలిపోతుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకుంటే ఆకలితో చస్తుంది.

ఇక్కడ అసలు దోషి ఎవరన్న మాట దాచకుండా చెప్పుకోవాలి. పగడాలను ప్రపంచమంతటా చంపుతున్నది సముద్రపు వేడి. చరిత్రలో నాలుగోసారి ప్రపంచవ్యాప్తంగా పగడాలు పాలిపోతున్నాయని 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది. అదే వేసవిలో లక్షద్వీప్‌లో పగడాలు తీవ్రంగా పాలిపోయాయని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. అండమాన్ దిబ్బలు 2010లో ఇదే దెబ్బ తిన్నాయి. ఈ వేడికి బొగ్గు, పెట్రోలు కారణం. క్రీము డబ్బా మార్చినంత మాత్రాన ఆ వేడి తగ్గదు.

అలాగైతే క్రీము గొడవ వదిలేయవచ్చు కదా అన్న వాదన ఉంది. పైకి సబబుగానే కనిపిస్తుంది. కానీ ప్రయోగశాలల్లో తేలిన విషయం దానికి అడ్డొస్తుంది. క్రెయిగ్ డౌన్స్, ఆయన తోటి పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో లక్ష కోట్ల పాళ్ల నీటిలో 62 పాళ్ల ఆక్సిబెంజోన్ ఉన్నా పగడపు పిల్లజీవుల మీద చెడు ప్రభావం కనిపించింది. తర్వాత 2022లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు సైన్స్ పత్రికలో ఇది ఎలా జరుగుతుందో చూపించారు. పగడానికి దగ్గరి బంధువైన సీ అనిమోన్‌ను ఆక్సిబెంజోన్ కలిసిన నీటిలో ఉంచి, ఎండలాంటి వెలుగు పెట్టారు. 17 రోజుల్లోపే అన్నీ చనిపోయాయి. అతినీలలోహిత కిరణాలు తగలనివ్వకుండా ఉంచినవి బతికాయి. మన చర్మాన్ని ఎండ నుంచి కాచే పదార్థాన్ని ఆ జీవి తన ఒంట్లోని చక్కెరతో కలిపేస్తుంది. అలా పుట్టిన కొత్త పదార్థం ఎండ తగిలితే విషంగా పనిచేస్తుంది.

ఆ అధ్యయనంలోనే మరో సంగతి ఉంది. నాచు ఆ విషాన్ని కొంతవరకు తనలో దాచి జీవిని కాపాడుతుంది. నాచు లేని జీవులు త్వరగా చనిపోయాయి. అంటే వేడికి పాలిపోయి నాచు పోగొట్టుకున్న పగడానికే ఈ క్రీము ఎక్కువ ప్రమాదం. వేడి పెద్ద శత్రువు కాబట్టి చిన్న శత్రువును వదిలేద్దామనడం ఇందుకే చెల్లదు. జ్వరంతో నీరసించినవాడికి కలుషిత నీరు మరింత చేటు చేస్తుంది.

సందేహాలకూ చోటివ్వాలి. ప్రయోగశాల తొట్టి, సముద్రం ఒకటి కావు. చాలా తీరాల్లో నీటిలో ఈ రసాయనాలు అతి తక్కువ మోతాదులోనే కనిపించాయి. అమెరికా జాతీయ అకాడమీలు 2022లో ఈ పరిశోధనలన్నిటినీ వడపోసి, పర్యావరణానికి ఎంత ముప్పో పూర్తిగా అంచనా కట్టాలని అక్కడి పర్యావరణ సంస్థకు సూచించాయి. పగడాలకే కాదు, చేపలు, పీతలు, నాచులకూ లెక్క కట్టమన్నాయి. కానీ రోజుకు వేలమంది దిగే, నీరు సరిగా మారని ఇరుకు తీరాల సంగతి వేరు. అమెరికా వర్జిన్ దీవుల్లో అలాంటి చోట డౌన్స్ బృందం కొలిచినప్పుడు పది లక్షల పాళ్లలో 1.4 పాళ్ల దాకా ఆక్సిబెంజోన్ తేలింది. జనం ఎంతమంది, నీరు ఎంత కదులుతుంది అన్న రెండు లెక్కల మీదే ముప్పు ఆధారపడి ఉంది.

దేశానికో తీరు

ఈ విషయంలో దేశాలు తలో దారి పట్టాయి. హవాయి రాష్ట్రం అమ్మకాన్ని ఆపింది. ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న చట్టం మీద గవర్నర్ డేవిడ్ ఇగే 2018 జూలై 3న సంతకం చేశారు. 2021 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. కానీ యాత్రికుడు ఇంటి నుంచి సంచిలో తెచ్చుకున్నదాని జోలికి ఈ చట్టం వెళ్లదు. ఈ రాష్ట్ర చట్టం వరకైతే డాలస్ నుంచి వెళ్లే మన కుటుంబం పాత ట్యూబుతో దర్జాగా నీళ్లలో దిగవచ్చు.

పసిఫిక్‌లోని చిన్న దేశం పలావు ఇంకో అడుగు ముందుకేసింది. 2020 జనవరి 1 నుంచి పది పదార్థాలను నిషేధించింది. అమ్మితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా. యాత్రికులు తెచ్చినవాటినీ జప్తు చేస్తారు. అంతకుముందే, 2017 డిసెంబరు నుంచి, దేశంలోకి వచ్చే ప్రతివారి పాస్‌పోర్టులో ఒక ప్రతిజ్ఞ ముద్ర వేసి సంతకం చేయించుకుంటున్నారు. ఆ ప్రతిజ్ఞ పలావు పిల్లలను ఉద్దేశించి రాసింది. ఆ దేశం అంత గట్టిగా పట్టుబట్టడానికి ఒక సరస్సు కారణం. చుట్టూ కొండ ఉన్న జెల్లీఫిష్ సరస్సులో ఏళ్ల తరబడి యాత్రికులు ఈదుతూ వచ్చారు. సన్‌స్క్రీన్ పదార్థాలు ఆ నీటిలో, అడుగు బురదలో, జెల్లీచేపల ఒంట్లో కూడా ఉన్నాయని 2017లో అక్కడి పగడ పరిశోధన సంస్థ నివేదిక బయటపెట్టింది. కొండల మధ్య నీరు, దాని చుట్టూ జనం ఉన్న చోటుల గురించి ఆలోచించే మన జిల్లాకు ఆ నివేదిక చెప్పేది చాలా ఉంది.

థాయిలాండ్ చోటును పట్టుకుంది. దేశమంతా అమ్మకం ఆపలేదు, పార్కుల గేటు దగ్గర ఆపింది. ఫీఫీ దీవుల్లోని మాయా బే తీరాన్ని ఆ ప్రభుత్వం 2018 జూన్‌లో యాత్రికులకు పూర్తిగా మూసేసింది. 2022 జనవరిలో తెరిచినప్పుడు జనాన్ని పరిమితం చేసింది, నీటిలో ఈతను ఆపింది. ఆ విరామంలో నల్లమొన రెక్కల సొరచేపలు మళ్లీ తీరానికి వచ్చాయి. నాటిన పగడాలు నిలదొక్కుకున్నాయి. కాస్త ఊపిరి సలపనిస్తే నీరు కోలుకుంటుందన్నదానికి ఇది కళ్లకు కట్టిన రుజువు.

మన ఇంట్లో ఖాళీ

భారతదేశానికి అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో పగడపు దిబ్బలున్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గట్టి పగడాలకు పులితో సమానమైన రక్షణ ఉంది. ఒక ముక్క విరిచినా నేరమే. కానీ వాటిపైకి ఏ రసాయనం పూసుకుని వెళ్లవచ్చు, ఏది పూసుకోకూడదు అన్న మాట దేశవ్యాప్త నిబంధనగా ఎక్కడా లేదు. విరిస్తే శిక్ష వేసి, నీటిలో విషం కలిపితే ఊరుకోవడం సగం కాపలా కాయడమే.

అండమాన్ మనకు పరాయి చోటు కాదు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా రాయించారు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు నుంచి విమానం ఎక్కితే కొన్ని గంటల్లో దిగిపోవచ్చు. అక్కడి వాండూరు దగ్గరున్న మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కు ఒక మంచి పాఠం నేర్పింది. జాలీబాయ్ దీవికి పడవ ఎక్కేవాళ్లను ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు. జెట్టీ దగ్గరే సంచులు చూస్తారు. జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులను మార్చి మార్చి తెరుస్తారు, ఒకటి తెరిచినప్పుడు రెండోది విశ్రాంతి తీసుకుంటుంది. ప్లాస్టిక్ కోసం చూసే చేతులే క్రీము ట్యూబును కూడా చూడగలవు. కొత్త సిబ్బంది అక్కర్లేదు, ఉన్న చీటీలో థాయిలాండ్ నిషేధించిన నాలుగు రసాయనాల పేర్లు చేర్చాలి. ఆ నాలుగు పేర్లూ తెలుగులోనూ రాయాలి.

ట్యూబు వెనక చిన్న అక్షరాలు

యాత్రికుడు ఏం చూసుకోవాలన్నది అసలు చిక్కు. నంద్యాలలో ఏ ఫ్యాన్సీ షాపులోనైనా, మెడికల్ షాపులోనైనా ఒక సన్‌స్క్రీన్ ట్యూబు తీసి చూడండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఎస్‌పీఎఫ్ 50, పీఏ మూడు ప్లస్సులు ఉంటాయి. కొన్నిటి మీద 'రీఫ్ సేఫ్' అని చేప బొమ్మ కూడా ఉంటుంది. ఆ రెండు మాటలకు చట్టంలో నిర్వచనం లేదు. కంపెనీ ఇష్టం. నిజం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ వేరే పేర్లతో. ఆక్సిబెంజోన్‌ను బెంజోఫినోన్-3 అని రాస్తారు. ఆక్టినాక్సేట్‌ను ఇథైల్‌హెక్సైల్ మెథాక్సీసినమేట్ అని రాస్తారు. ఈ రెండు పేర్లూ తెలియనివాడు నిషేధించిన సరుకునే 'రీఫ్ సేఫ్' అనుకుని కొనుక్కోగలడు.

జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న క్రీములు ప్రత్యామ్నాయం. ఇవి పొడిలా చర్మం మీద నిలిచి కాస్తాయి. రాసుకుంటే ముఖం కాస్త తెల్లగా కనిపిస్తుంది, మన రంగు చర్మం మీద ఇంకా కొట్టొచ్చినట్టు. అందుకే కంపెనీలు వాటిని నానో స్థాయికి మెత్తగా నూరి తెస్తున్నాయి. ఆ నానో రేణువులు సముద్ర జీవులకు పూర్తిగా మేలని ఇంకా తేలలేదు. కాబట్టి 'నాన్ నానో' జింక్ వెతుక్కోవడం మంచిది.

అన్నిటికన్నా మేలైన రక్షణ మన పొలాల్లోనే ఉంది. నంద్యాల ఎండలు రాష్ట్రమంతా ఎరిగినవే. మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ సీమ ఎండలోనే పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోయే ఆడవాళ్లను గమనించండి. చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుంటారు. మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకుంటారు. తలకు తువ్వాలు చుట్టి దాని కొసను మెడ మీదికి వదులుతారు. రెండు గంటలకోసారి తిరిగి రాసుకోవలసిన పని లేదు, నీటిలో కరిగేది లేదు. సముద్రంలో ఈదేవాళ్లకు అమ్మే పొడుగు చేతుల రాష్ గార్డ్ చొక్కా చేసే పనీ ఇదే. గుడ్డ కప్పిన చోట క్రీము అక్కర్లేదు. ముఖానికి, చేతులకు, పాదాలకు మాత్రమే జింక్ రాసుకుంటే నీటిలో కలిసేది ఎన్నో రెట్లు తగ్గుతుంది. చర్మ వైద్యులు భయపడేది నిబంధనల పేరు చెప్పి జనం ఎండకు ఒళ్లప్పగిస్తారేమోనని. ఆ భయానికి మన కూలి తల్లులు ఏనాడో జవాబు చెప్పారు.

మన కోనేరు, మన భవనాశి

ఇక ఇంటి సంగతి. నల్లమల అంచున మహానందిలో లింగం కింది నుంచి పుట్టే ఊట కోనేటిలోకి వస్తుంది. లోతు ఎప్పుడూ ఐదడుగులే. ఎంత నీరు వస్తే అంత బయటికి పోయే ఏర్పాటు ఉంది. అడుగున పడిన నాణెం పైకి స్పష్టంగా కనిపిస్తుంది. బయటికి పోయిన నీరు అరటి తోటలకు, వరి మళ్లకు చేరుతుంది. కోనేటి నీటి కింద రెండు వేల ఎకరాలు సాగవుతుందని చెబుతారు. నీరు నిలవకుండా పారడమే దాని శుభ్రతకు మూలం. కానీ పారే నీరు మురికిని మాయం చేయదు, మోసుకుపోతుంది. కార్తీక సోమవారం, శివరాత్రి రోజుల్లో వేలమంది ఒంటి మీద ఉన్నదంతా పంట కాలువ దాకా పోతుంది.

అహోబిలం ఇంకా సున్నితమైన చోటు. ఆళ్లగడ్డ నుంచి పాతిక కిలోమీటర్లు దాటగానే అడవి మొదలవుతుంది. అది దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఉన్న నల్లమల అడవి. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దాకా నడిచే భక్తులు భవనాశి వెంటే రాళ్ల మీద పోతారు. వేసవి వచ్చేసరికి ఆ వాగు మడుగులుగా మిగులుతుంది. ఆ మడుగుల్లో నీరు మనిషి స్నానానికే కాదు, అడవి జంతువుల దాహానికి కూడా. రాళ్ల సందుల్లో ఒక రూపాయి షాంపూ ప్యాకెట్లు, సబ్బు కాగితాలు, వదిలేసిన తడి బట్టలు అక్కడ నడిచే ఎవరికైనా కనిపిస్తాయి. సబ్బులోని నురుగు పదార్థం చేప మొప్పలను దెబ్బతీస్తుంది. ఇప్పుడు వాటికి సన్‌స్క్రీన్, డియోడరెంట్, జుట్టు జెల్లు తోడయ్యాయి. భక్తుడి ఒళ్లు మారింది, కోనేటి నిబంధన మారలేదు.

పుణ్యక్షేత్రంలో నిబంధన పెడితే జనం వినరన్న మాట నిజం కాదు. తిరుమలలో 2022 జూన్ 1 నుంచి ప్లాస్టిక్‌ను పూర్తిగా నిషేధించారు. అలిపిరి దగ్గరే తనిఖీ పెట్టారు. కొండ మీద నీటికి వేరే ఏర్పాటు చూపించారు. రోజుకు వేలాది భక్తులు దానికి అలవాటు పడ్డారు. జాలీబాయ్‌లో పనిచేసింది, తిరుమలలో పనిచేసింది ఒకే సూత్రం. నిబంధన గేటు దగ్గర ఉండాలి, దాని పక్కనే ప్రత్యామ్నాయమూ ఉండాలి.

మహానంది దేవస్థానం, అహోబిల మఠం, అటవీ శాఖ కలిసి చేయవలసినవి పెద్ద ఖర్చు పనులేమీ కావు. కోనేటికి, వాగుకు దూరంగా, మురుగు వేరేగా పోయేలా షవర్లు కట్టాలి. సబ్బుతో స్నానం అక్కడే ముగించి, కడిగిన ఒంటితో కోనేట్లో మునగాలి. గుడి వీధిలో షాంపూ ప్యాకెట్ల అమ్మకం ఆపాలి. మునిగే ముందు క్రీములు, నూనెలు కడుక్కోమని తెలుగు, కన్నడ, తమిళాల్లో బోర్డులు పెట్టాలి, మనకు భక్తులు ఎక్కువగా వచ్చేది ఆ మూడు భాషల ప్రాంతాల నుంచే. ఏడాదికి రెండుసార్లు, కార్తీకానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నీటిని పరీక్షించి ఫలితాన్ని గుడి గోడ మీద అతికించాలి.

కేంద్రం చేయవలసింది వేరే ఉంది. అండమాన్, లక్షద్వీప్ సముద్ర పార్కుల అనుమతి పత్రంలోనే థాయిలాండ్ తరహా జాబితా చేర్చాలి. 'రీఫ్ సేఫ్' అన్న మాటకు భారత ప్రమాణాల సంస్థ అర్థం నిర్ణయించి, ఆ అర్థానికి తగని ట్యూబుల మీద నుంచి చేప బొమ్మ తీయించాలి. ప్యాకేజీలు అమ్మే ట్రావెల్స్ వాళ్లు టికెట్టుతో పాటు ఈ జాబితాను ఇవ్వాలి.

పగడాలను కాపాడే నిబంధనకు ఢిల్లీ కదలాలి, దానికి సమయం పడుతుంది. మన కోనేటిని, మన వాగును కాపాడుకోవడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. దేవస్థానం ఒక తీర్మానం చేస్తే చాలు, భక్తులు సబ్బును షవర్ దగ్గరే వదిలి వస్తే చాలు. వచ్చే కార్తీకానికి ముందే ఈ రెండూ జరగాలి.